మడియు మాస్కును

గిద్దలూరు బస్సుస్టాండునకు చేరువను పూలమ్ముకొని జీవించు వృద్ధురాలొకతె కలదు. 2020వ సంవత్సరమున కరోనా జాడ్యము వచ్చిన నాటినుండి ఆమె ముక్కునకును నోటికిని గుడ్డ కట్టుకొనుచున్నది. జరిమానాలు వసూలు చేయు పోలీసులు ఏనాడో వీధులనుండి వెడలిపోయిరి. ఆ జాడ్యమునకు సంబంధించిన అంతర్జాతీయ అత్యవసర స్థితి ముగిసినదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2023 మే 5వ తేదీన ప్రకటించిరి. ఊరివారందరును మాస్కులను విప్పి చూరులో దోపిరి. ఆమె మాత్రము విప్పలేదు. దారినిపోవువారు “కరోనా పోయిందవ్వా, ఇంక తియ్యి!” అని పరిహాసమాడుదురు. ఆమె నవ్వి మూర కొలిచి పూలు తెంపి యిచ్చును.

మేము మా పదవతరగతి విద్యార్థులను ఒకనాడు దీనిని గురించి అడిగితిమి. “భయము చేత” అని యొక బాలుడు చెప్పెను. “అలవాటు పడి విప్పలేకున్నది” అని మరియొకడు చెప్పెను. “మొదట పోలీసులు కట్టించినారు, ఆ బెదురు ఇంకను పోలేదు” అని మూడవవాడు. ఈ మూడును తెలివిగల సమాధానములే. మనుష్యుడు ఒక ఆచారమును ఏల పట్టుకొని విడువడన్న ప్రశ్నకు పెద్దలు చెప్పునవియు సామాన్యముగా ఈ మూడే: భయము, అలవాటు, శిక్ష. కాని మాకు తృప్తి కలుగలేదు. భయపడినవారందరు కట్టుకొనలేదు. కట్టుకొన్న వారందరికి అలవాటు నిలువలేదు. శిక్ష తొలగగానే గుడ్డ తొలగించినవారే ఎక్కువ. అట్లయ్యును కొందరిలో ఈ ఆచారము నిలిచినది. ఏల నిలిచినదో తెలిసికొనుటకు నోటికి గుడ్డ కట్టుకొను అలవాటు ఎక్కడినుండి వచ్చినదో కొంచెము వెనుకకు పోయి చూడవలసియున్నది.

నోటికి గుడ్డ కట్టుకొనుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. కళ్లములో ధాన్యమును తూర్పారబట్టునపుడు స్త్రీలు కొంగును ముక్కుమీదుగా తిప్పి తలవెనుక దోపుకొందురు. మిరపకాయలను తొడిమలు తీయు కూలీలు, పొగాకు గ్రేడింగు చేయు ఆడువారు, కందులు విసరు ఇల్లాండ్రు అందరును ఇట్లే చేయుదురు. మార్కాపురము పలకలకు పేరుపొందిన ఊరు. నేలలోనుండి రాతిని తీసి, పొరలు పొరలుగా చీల్చి, కోసి, నునుపుచేసి పలకలు సిద్ధము చేయుచో లేచు ధూళి కంటికి కనబడునంత దట్టముగా నుండును. అచ్చటి పనివారు తువాలును మూతికి చుట్టుకొందురు. ఇది మొదటి విధము గుడ్డ: బయటనున్న దుమ్ము మన లోనికి పోకుండుటకు కట్టునది.

ఈ గుడ్డను గురించి ఒక మాట ఇచ్చటనే చెప్పవలెను. పలకరాతి ధూళిలో సిలికా యను పదార్థముండును. దాని అతిసూక్ష్మమైన రేణువులు ఏండ్లతరబడి ఊపిరితిత్తులలో చేరినచో అవి గట్టిపడి, మనుష్యుడు నాలుగడుగులు వేసిన ఆయాసపడు సిలికోసిస్ వ్యాధి కలుగును. మధ్యప్రదేశములోని మందసోరునందు పలకబలపములు చేయు పనివారిలో ఈ వ్యాధి ఎంత తీవ్రముగా నున్నదో అహమ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థవారు పరిశోధించి బయలుపరచిరి. ఆ రేణువులను తువాలు ఆపజాలదు. తువాలు ముతకదుమ్మును ఆపి, ఆపదను మాత్రము లోనికి పోనిచ్చును. నోటికి గుడ్డ యున్నది గదాయని నిశ్చింతగా నుండుట వేరు, ఏ గుడ్డ దేని నాపునో తెలిసి కట్టుకొనుట వేరు. ఈ భేదము మనకు ముందు మరల అక్కరకు వచ్చును.

రెండవ విధము గుడ్డ దేవాలయములలోను మఠములలోను ఉన్నది. నైవేద్యము వండునపుడు శ్వాసయు నోటితుంపరయు తగులరాదని మూతికి వస్త్రము కట్టుకొను వంటవారు కొన్ని క్షేత్రములలో కలరు. పారసీక మతమున పురోహితులు పవిత్రాగ్నియెదుట తెల్లని వస్త్రముతో నోరు కప్పుకొందురు. జైనులలో స్థానకవాసి, తేరాపంథ శాఖల సాధువులు తమ వేడిశ్వాసకు గాలిలోని సూక్ష్మజీవులు హింసపడకుండుటకై ముఖపట్టిక ధరింతురు. అంత దూరము పోనేల? పూజకు కోసిన పువ్వును వాసన చూడరాదని మన యిండ్లలో పసిపిల్లలకు సైతము నేర్పుదురు. ఈ గుడ్డ యొక్క భావము మొదటిదానికి పూర్తిగా విపరీతము. ఇచ్చట బయటినుండి మనకు కీడు రాదు. మన లోనినుండి పూజ్యమైన దానికి కీడు పోవునేమోయని జాగ్రత్త.

మూడవ విధము గుడ్డను గురించి వ్రాయుటకు కలము వెనుదీయును. కాని చరిత్ర వ్రాయువాడు దానిని విడువరాదు. దొరయెదుట పాలేరు కండువా తీసి చంకనిడుకొని, నోటికి చేయి అడ్డము పెట్టుకొని మాటలాడవలెను. అంటరానివారని త్రోయబడినవారి శ్వాస సోకరాదు, ఉమ్మి నేలపై పడరాదు. పీష్వాల పాలనలో పూనానగరమున అట్టివారు మెడకు ముంత కట్టుకొని తిరుగవలసియుండెనన్న సంగతి మన దేశచరిత్రలో చెరుగని మచ్చ. తెలుగుదేశమునను ఆ ముంత మాట దళితుల పాటలలోను ఉపన్యాసములలోను నేటికిని వినబడుచున్నది. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 17వ అధికరణమున అంటరానితనమును నిషేధించినది. ఆ గుడ్డ, ఆ ముంత, ఆ అడ్డుచేయి బలవంతుని రక్షణకై బలహీనుని నోట కట్టబడినవి. బలవంతుడు మాత్రము నోరు తెరచియే మాటలాడెను.

ఇట్లు మూడు గుడ్డలు: తన్ను కాచుకొనునది, పూజ్యవస్తువును కాచునది, అధికారము ఎదుటివాని నోట కట్టునది. కరోనాకాలమున మనకు వచ్చిన మాస్కు ఈ మూటిలో దేనికి చేరును? ఈ ప్రశ్నకు మనవారు తడబడినందుననే ఆ కాలమున ఎన్నో అపచారములు జరిగినవి.

వైద్యులు మూతికి గుడ్డ కట్టుట 1897వ సంవత్సరమున మొదలైనదని చెప్పవచ్చును. ఆనాడు జర్మనీకి చెందినదియు నేడు పోలండులో నున్నదియునైన బ్రెస్లా నగరమున కార్ల్ ఫ్లూగే యను శాస్త్రజ్ఞుడు మనుష్యుడు మాటలాడునపుడు నోటినుండి వెడలు కంటికి కనబడని తుంపరలలో వ్యాధిబీజములుండునని నిరూపించెను. ఆ నగరముననే శస్త్రవైద్యుడైన మికులిచ్ అదే సంవత్సరమున పలుచని గుడ్డను మూతికి కట్టుకొని శస్త్రచికిత్స చేయుట కారంభించెను. ఇచ్చట గుడ్డ కట్టుకొన్నవాడు రోగి కాదు, వైద్యుడు. రోగియొక్క తెరచిన గాయమునుండి తన నోటిని దూరముచేయుటకై కట్టుకొనెను. గదిలో నందరికంటె పెద్దవాడు తననోరే అపాయకరమని యొప్పుకొనెను. మూడవ గుడ్డకు ఇది నేరుగా ఎదురుమార్గము.

పదమూడేండ్ల పిమ్మట, 1910 చివరను, ఉత్తర చీనాలోని మంచూరియాలో ఊపిరితిత్తులకు సోకు ప్లేగు చెలరేగెను. చీనాప్రభుత్వమువారు పినాంగులో పుట్టి కేంబ్రిడ్జిలో వైద్యము చదివిన ఊ లియెన్‌తే యను యువకుని హార్బిను నగరమునకు పంపిరి. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియొకటి. ఈ ప్లేగు ఎలుకలపైని కీటకములవలన గాక మనుష్యుని శ్వాసమూలముననే మనుష్యునికి సోకుచున్నదని ఆయన గ్రహించెను. రెండు పొరల పలుచని గుడ్డ నడుమ దూది నుంచి మూతికి కట్టు మాస్కును సిద్ధపరచి, వైద్యులను, పరిచారకులను, శవములు మోయువారిని, వీలైనంతమంది పౌరులను దానిని ధరింపుడని కోరెను. అచ్చటికి వచ్చిన మెనీ యను ఫ్రెంచి వైద్యుడు తనకంటె చిన్నవాడును చీనావాడునునైన ఊ మాటను లక్ష్యపెట్టలేదు. మాస్కు లేకయే రోగుల చెంతకు పోయెను. కొలది దినములలో, 1911 జనవరిలో, ఆయనయే ప్లేగుచే మరణించెను. అటుపిమ్మట హార్బిను వీధులలో మాస్కు లేని ముఖము అరుదయ్యెను. ఆ ప్లేగు సుమారు 60,000 మందిని పొట్టబెట్టుకొని 1911 వసంతమునాటికి చల్లారెను. శ్మశానములను, ప్రయాణములను కట్టుదిట్టము చేయుటయు అందులకు కారణమే. మాస్కు ఒక్కటియే కారణమని మేమనము. కాని సామాన్యజనము పెద్దయెత్తున మాస్కు కట్టుకొనుటకు హార్బిను తొలి యుదాహరణములలో నొకటి.

1918వ సంవత్సరమున ఇన్‌ఫ్లుయెంజా జ్వరము ప్రపంచమును ముంచెత్తెను. మన దేశమున కోటికి పైగా జనులు ఆ జ్వరమునకు బలియైరని చరిత్రకారుల అంచనా. 1911 మొదలు 1921 వరకు గల పది సంవత్సరములలో భారతదేశ జనసంఖ్య పెరుగుటకు మారుగా కొంచెము తగ్గుటకు అదియే ముఖ్యకారణము. మన పల్లెలలో ఆనాడు మాస్కు ఆచారముగా పాదుకొనలేదు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున మాత్రము 1918 అక్టోబరులో మాస్కు ధరింపనివారికి జరిమానాయు జైలును విధించు శాసనము చేసిరి. మొదట జనులు ఉత్సాహముతో కట్టుకొనిరి. కాని ఆ నెలలోనే ఒక ఆరోగ్యాధికారి మాస్కు ధరింపననిన వానితో కలహించి తుపాకి కాల్చెను. ఆతడును ప్రక్కనున్న మరియిద్దరును గాయపడిరి. నవంబరు 21వ తేదీ మధ్యాహ్నము శాసనము తొలగిన వెంటనే జనులు వీధులలో మాస్కులను విసరివైచిరి. జనవరిలో శాసనము మరల రాగా దాని నెదిరించుటకు ఒక సంఘమే యేర్పడెను. 1919 ఫిబ్రవరి 1వ తేదీన శాసనము తొలగెను; దానితోపాటు ఆచారమును తొలగెను. జపానుదేశమున మాత్రము ఆ జ్వరకాలమున మొదలైన మాస్కు క్రమముగా జనుల నిత్యజీవితమున ప్రవేశించి, జలుబు చేసినవాడు తానై కట్టుకొను మర్యాదగా నిలిచెను. ఒకే వ్యాధి, ఒకే గుడ్డ. ఒకచోట విసరివైచిరి, ఒకచోట మర్యాదగా నిలుపుకొనిరి.

ఇక మన కాలమునకు వత్తము. ఆంధ్రప్రదేశమున తొలి కరోనా రోగి 2020 మార్చి 12వ తేదీన నెల్లూరునందు కనబడెను. అదే నెలలో ప్రభుత్వమువారు 1897వ సంవత్సరపు అంటువ్యాధుల చట్టమును ఆధారముచేసికొని నియమములు చేసిరి. ఆ చట్టము పుట్టిన సంవత్సరముననే పూనాలో ప్లేగుపేరిట సైనికులు ఇండ్లలో జొరబడి సోదాలు చేయగా జనుల హృదయములు మండి, ప్లేగు అధికారి యగు ర్యాండు హత్యకు గురియయ్యెను. ఆరోగ్యమునకై చేసిన చట్టము అవమానముగా మారినచో ఏమగునో మనకు అప్పుడే తెలిసియుండవలసినది.

ఏప్రిల్ మొదటివారమున కేంద్రప్రభుత్వమువారు ఇంట కుట్టిన గుడ్డమాస్కులనైనను ధరింపుడని సలహా యిచ్చిరి. ఏప్రిల్ 12వ తేదీన రాష్ట్రప్రభుత్వమువారు మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులను ఉచితముగా పంచెదమని ప్రకటించిరి. స్వయంసహాయక సంఘముల స్త్రీలు వానిని కుట్టిరి. కూలిపనులు నిలిచిపోయిన ఆ దినములలో కుట్టుమిషను గల యిల్లాలి కష్టముతో పొయ్యి వెలిగిన యిండ్లు ఎన్నియో. మాస్కు చరిత్ర వ్రాయువారు శాస్త్రజ్ఞుల పేర్లతో పాటు ఈ పేరులేని కుట్టుపనివారిని గూడ స్మరింపవలెను.

కాని అదే ఏప్రిల్‌లో నర్సీపట్నము ప్రభుత్వ వైద్యశాలలోని మత్తువైద్యుడొకడు వైద్యులకు చాలినన్ని మాస్కులు లేవని బహిరంగముగా చెప్పినందులకు సస్పెండు చేయబడెను. మే నెలలో విశాఖపట్నము వీథిలో పోలీసులు ఆయన చేతులు వెనుకకు విరిచి కట్టి తీసికొనిపోయిన దృశ్యము దేశమంతయు చూచెను. హైకోర్టువారు దానిపై సి.బి.ఐ. విచారణకు ఆజ్ఞాపించిరి. మరుసటి సంవత్సరము మే నెలలో ఆయన గుండెపోటుతో మరణించెను. మాస్కు కావలెనని యడిగిన నోరు మూయించబడినది.

అంతకంటె దారుణము చీరాలలో జరిగినది. ఆ పట్టణము అప్పటికి మన ప్రకాశము జిల్లాలోనిదే. 2020 జులై 18వ తేదీన దళిత కుటుంబమునకు చెందిన యువకు డొకడు మిత్రునితో మోటారుసైకిలుపై పోవుచు మాస్కు లేదని పోలీసులచే ఆపబడెను. పోలీసులు కొట్టిరని కుటుంబమువారు చెప్పిరి. జీపునుండి దూకి గాయపడెనని పోలీసులు చెప్పిరి. జులై 22వ తేదీన ఆతడు మరణించెను. ప్రభుత్వమువారు విచారణకు ఆజ్ఞాపించి కుటుంబమునకు పదిలక్షల రూపాయలు పరిహారము ప్రకటించిరి. ఏ కథనము నిజమైనను ఒక సంగతి నిశ్చయము: ప్రాణములు కాపాడుటకై పుట్టిన గుడ్డ లేని కారణమున ఆపబడినవాడు ప్రాణములతో ఇల్లు చేరలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో తుపాకి 1918లో మ్రోగెను. మనము దాని నుండి పాఠము నేర్చుకొనలేదు. మాస్కు పెద్దలు చిన్నవారి నోట కట్టు గుడ్డగా, అనగా పైన చెప్పిన మూడవ గుడ్డగా, మారినచో దానిని జనులు ప్రేమింతురా? అట్టి గుడ్డ లాఠీ యున్నంతసేపు నిలుచును, లాఠీతో వెడలిపోవును.

అదే సమయమున మరియొక వాదము విద్యావంతుల ఇండ్లలో బయలుదేరెను. “చూచితిరా, మన పెద్దల మడియు, అంటును, దూరముగా నిలువుమనుటయు శాస్త్రసమ్మతమని నేడు తేలినది” అని ఫోనులలో సందేశములు పంపుకొనిరి. మేమును అట్టివి అందుకొంటిమి. సంస్కృతము చదివినవారమగుటచే మేము తప్పక సంతోషింతుమని మిత్రులు తలచియుందురు. మాకు సంతోషము కలుగలేదు. స్నానము, చేతులు కడుగుకొనుట, వంటయింటి పరిశుభ్రత మంచివే. వానిని నిందించువాడు మూఢుడు. కాని మడియొక్క ఆత్మ శుభ్రతలో లేదు. మడి కట్టుకొన్నవాడు తాను శుద్ధుడనియు, ఎదుటివాడు అశుద్ధుడనియు నిశ్చయించుకొని యుండును. ఎదుటివాడు స్నానము చేసి వచ్చినను పుట్టుకచే అశుద్ధుడే. తాను దగ్గుచున్నను పుట్టుకచే శుద్ధుడే. మాస్కు అట్లు కాదు. తనకు తెలియకుండ తనలోనే రోగముండవచ్చునని యెంచి కట్టుకొనునది మాస్కు. మడి పరుని అనుమానించును. మాస్కు తన్ను తాను అనుమానించుకొనును. కరోనాబీజము పుట్టుకను అడుగలేదు. అగ్రహారమునుండి మాలపల్లెకును, మాలపల్లెనుండి అగ్రహారమునకును అది ఒకే శ్వాసపై పోయెను. ఆ జాడ్యము మడిని సమర్థించినదనువారు దాని పాఠమును తలక్రిందులుగా చదివినవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు సహితము 2020 మార్చిలోనే “సామాజిక దూరము” అనుటకు మారుగా “భౌతిక దూరము” అనుట మేలనిరి. మన దేశమున ఆ మాటయొక్క వెనుకటి చరిత్ర తెలిసినవారికి ఆ సవరణ ఎంత విలువైనదో విప్పి చెప్పనక్కరలేదు.

మాస్కు నిజముగా పనిచేయునా అని అడుగువారికి సూటిగా సమాధానము చెప్పుట మా విధి. శాస్త్రజ్ఞులు మొదట తడబడిరి. సామాన్యులకు గుడ్డమాస్కు అక్కరలేదన్నవారే 2020 జూన్ 5వ తేదీన మాట మార్చిరి. తుంపరలేగాక గాలిలో తేలియాడు సూక్ష్మకణములును రోగమును మోయునని క్రమముగా తెలియవచ్చెను. ఇట్లు మాట మార్చుటను చూచి జనులు నవ్విరి. కాని క్రొత్త ఆధారము కనబడినపుడు మాట మార్చుటయే శాస్త్రధర్మము, మార్చకుండుట మూఢత్వము.

మన పల్లెలవంటి పల్లెలలో జరిగిన ఒక పెద్ద పరీక్షను ఇచ్చట చెప్పుదుము. 2020 నవంబరు మొదలు 2021 ఏప్రిల్ వరకు బంగ్లాదేశములో 600 గ్రామములను ఎన్నుకొని, 3,40,000 మందికి పైగా వయోజనులనుద్దేశించి ఈ పరీక్ష జరిపిరి. సగము గ్రామములలో మాస్కులు ఉచితముగా పంచి, ఇంటింట కారణము వివరించి, సంతలోను మసీదువద్దను మాస్కు లేనివారిని మెత్తగా జ్ఞాపకముచేసి, ఊరిపెద్దలును ఇమాములును తాము కట్టుకొని చూపిరి. మిగిలిన సగము గ్రామములను వాని మానమున విడిచిరి. విడిచిన గ్రామములలో సరిగా మాస్కు కట్టుకొన్నవారు నూటికి 13 మంది. పంచి చెప్పిన గ్రామములలో 42 మంది. ఆ పని ముగిసిన రెండు వారములకును ఆ పెరుగుదల నిలిచియుండెను. శస్త్రవైద్యులు వాడు మాస్కులు పంచిన గ్రామములలో లక్షణములతో కూడిన కరోనా నూటికి పదకొండు వంతుల చొప్పున తగ్గెను. అరువదియేండ్లు దాటినవారిలో మూడవ వంతునకు పైగా తగ్గెను. గుడ్డమాస్కుల విషయమున అంత స్పష్టమైన ఫలము కనబడలేదు. మాస్కు వజ్రకవచము కాదు, వట్టి గుడ్డయు కాదు. మార్కాపురము తువాలు విషయమున చెప్పినదే ఇచ్చటను చెల్లును: ఏది దేని నాపునో తెలిసి కట్టుకొనవలెను.

ఆ పరీక్షలో మా మనస్సున నాటుకొనిన సంగతి వేరొకటి. ఫోనులకు సందేశములు పంపి చూచిరి. గ్రామములకు బహుమానములు చూపి చూచిరి. వానివలన అదనముగా ఏమియు పెరుగలేదు. పనిచేసినవి నాలుగే: చేతికందిన మాస్కు, అర్థమగునట్లు చెప్పిన కారణము, ఎదుటనిలిచి మెత్తగా చేసిన జ్ఞాపకము, పెద్దవాడు తాను ముందుగా కట్టుకొనుట. లాఠీ ఈ నాలుగింటిలో లేదు. హార్బినులో ఫ్రెంచి వైద్యుడు చేయనిదియు, బంగ్లాదేశపు ఇమాము చేసినదియు ఈ నాలుగవదే.

ఇక మరల బస్సుస్టాండునకు పోవుదము. విద్యార్థుల సమాధానములు మాకు తృప్తి నీయకపోగా ఒక సాయంకాలము మేము ఆమె యొద్దనే మల్లెలు కొనుచు, ఇంకను ఏల కట్టుకొందువని అడిగితిమి. ఆమె చెప్పిన మాటలను ఉన్నవున్నట్లుగా వ్రాయుచున్నాము. “నాకేం భయం సారూ? నాకు పాతదగ్గు. ఈ పూలు దేవుడికి పోతాయి, వాసనగూడ చూడగూడదు గదా. కొనుక్కునేటోళ్లు పసిబిడ్డల్ని ఎత్తుకోని వంగుతారు. దేవుడి పూలమీద దగ్గగూడదంటే, బిడ్డ మొగాన దగ్గొచ్చా?”

మేము మూడు విధముల గుడ్డలను గూర్చి పుటలు నింపితిమి. ఆమె రెండు మాటలలో వాని చిక్కును విప్పినది. ఆమె మాస్కు మొదటి గుడ్డ కాదు. తన్ను కాచుకొనుటకు కట్టుకొనలేదు. మూడవది కాదు, ఎవరును ఆమెపై విధింపలేదు. అది రెండవ గుడ్డ, పూజ్యమైన దానియెదుట మన శ్వాసను అదుపులో నుంచుకొను గుడ్డ. కాని ఆమె దేవుని పూవునకు చూపిన గౌరవమును ఎదుట నిలిచిన ఊరిబిడ్డకును చూపినది. ఆ బిడ్డ ఏ కులముదని ఆమె అడుగలేదు. ఆచారము పాతదే; దాని కేంద్రము మారినది. అందువలననే అది లాఠీ పోయినను నిలిచినది. భయమువలన వచ్చినది భయముతో పోవును. శిక్షవలన వచ్చినది శిక్షతో పోవును. మనస్సులో మునుపే యున్న గౌరవమునకు ముడివడినది నిలుచును.

సంస్కరణ మనగా పాతదానినెల్ల కూల్చుట యని కొందరు తలంతురు. పాతదానినెల్ల శాస్త్రమని పొగడుట యని మరికొందరు తలంతురు. పాత ఆచారములోని గౌరవమును ఉంచి, దానిలోని అహంకారమును తీసివేసి, ఆ గౌరవమును మనుష్యులందరికి సమానముగా పంచుట సంస్కరణ మని మా అభిప్రాయము.

కరోనా వేగము తగ్గినది గాని శ్వాసమార్గమున సోకు వ్యాధులు మనలను విడిచిపోలేదు. ప్రపంచములోని క్షయరోగులలో నాలుగవ వంతునకు పైగా మన దేశముననే యున్నారు. సిలికాధూళి పట్టిన ఊపిరితిత్తులు క్షయకు సులభముగా లొంగును గాన పలకరాతి పనివారున్న మన ప్రాంతమునకు ఈ మాట మరింత చెల్లును. ఇంట దగ్గుచున్నవారు, ముఖ్యముగా పసిబిడ్డను ఎత్తుకొనువారు, వృద్ధులయొద్ద కూర్చుండువారు, వైద్యశాలకు పోవువారు ఒక మాస్కును చెంత నుంచుకొనుట మంచిది. దగ్గు రెండు వారములు దాటినచో సిగ్గుపడక కఫపరీక్ష చేయించుకొనవలెను. ఇంట మొట్టమొదట యజమానియే కట్టుకొని చూపవలెను. కోడలికిని, పనిమనిషికిని ముందు చెప్పి తాను మానుట మూడవ గుడ్డకు మరల జన్మనిచ్చుట. పనిమనిషికి మాస్కు కట్టించి తాను నోరు తెరచి ఆజ్ఞలిచ్చు యింట ఆ పాత ముంత ఇంకను ఏమూలనో వ్రేలాడుచునే యున్నది.

మాస్కు కట్టుకొని వీధిని పోవువారు నేడు కొందరే. వారిలో ఒకరికి దగ్గు ఉండవచ్చును. ఒకరి యింట క్షయరోగి యుండవచ్చును. ఒకరికి చికిత్సవలన శరీరబలము తగ్గియుండవచ్చును. కారణము మనకు చెప్పవలసిన బాధ్యత వారికి లేదు. పరిహసింపకుండుట మాత్రము మన బాధ్యత. మా విద్యార్థులకు మేము ఆ పూలమ్మి మాటలను మరునాడు చెప్పితిమి. మొదట భయమన్న బాలుడు కొంతసేపు ఊరకుండి, తన తాతకు పలకల పనిలో వచ్చిన దగ్గు ఉన్నదనియు, ఇంట చెల్లెలు పసిదనియు చెప్పి, మాస్కు ఎచ్చట దొరకునని అడిగెను.